లాగితే లావెక్కేది, వేడికి కుదించుకునేది: ఫైనలియర్ ప్రాజెక్టుకి ఏ మెటామెటీరియల్ తీసుకోవాలి?

ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో మామూలుగా కనిపించే యూటీఎం (లాగి, నొక్కి బలం కొలిచే మిషన్) 40 టన్నులది. ఇనప కడ్డీలు తెంపడానికి పెట్టినది. రబ్బరులా సాగే ప్లాస్టిక్ టీపీయూతో ప్రింట్ చేసిన 12 సెంటీమీటర్ల చదరపు ఆక్సెటిక్ జాలీని (లాగితే పక్కలకి కూడా పెరిగేదాన్ని) ఐదు శాతం సాగదీయడానికి కావలసింది దాదాపు 200 గ్రాముల బరువు. అంటే ఆ మిషన్‌కి మీ జాలీ ఉన్నట్టు కూడా తెలియదు. విజయనగరం, రాజాం, టెక్కలి వైపు కాలేజీల్లో ఈ టాపిక్ తీసుకోవాలనుకునే బ్యాచ్‌లు మొదట ఆలోచించాల్సింది ఇదే. నెట్‌లో బొమ్మ బాగుందని గడి ఆకారం ఎంచుకోవద్దు. చివర్లో ఏ అంకె చూపించాలి, దాన్ని మన దగ్గరున్న దేనితో కొలవగలం అన్నది ముందు తేల్చుకోండి. ఆకారం ఎంపిక ఆ తర్వాత పెద్ద కష్టం కాదు.

మెటామెటీరియల్ అంటే కొత్త రసాయనం కాదు. అదే ప్లాస్టిక్, అదే ఇనుము. గుణం పదార్థంలోంచి కాక గడి ఆకారంలోంచి వస్తుంది. షాపుల ముందు పక్కకి లాగే కొలాప్సిబుల్ గేటు చూడండి: అడ్డంగా సాగితే దాని వజ్రాకారపు గళ్ళు నిలువునా పొట్టివవుతాయి. పాయిసాన్ నిష్పత్తి (ఒక దిక్కున ఎంత సాగితే దానికి అడ్డ దిక్కున ఎంత తగ్గుతుందో చెప్పే అంకె) ధనం అన్నమాట. అడ్డంగా లాగితే నిలువునా కూడా పెరిగేలా పుల్లలు అమర్చితే అది రుణం అవుతుంది. దీన్నే ఆక్సెటిక్ అంటారు. అన్ని దిక్కులా ఒకేలా ఉండే ఘన పదార్థంలో ఈ నిష్పత్తి మైనస్ 1 నుంచి 0.5 లోపే ఉండాలి. గళ్ళ జాలీ అలా దిక్కులన్నిటా ఒకేలా ఉండదు కాబట్టి ఆ హద్దు దాటి పోగలదు. పేపర్లలో మైనస్ 3 అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

సాగుదల వైపు: నాలుగు దారులు

మొదటిది డమరుకం గడి. తేనెపట్టు గడి పక్క గోడల్ని లోపలికి విరిస్తే డమరుకంలా నడుం సన్నబడిన ఆకారం వస్తుంది. చేతి లెక్కకి ఇంతకన్నా అనువైనది లేదు. నిలువు గోడ 20 మి.మీ., వాలు గోడ 10 మి.మీ., వాలు లోపలికి 30 డిగ్రీలు, గోడ మందం 0.8 మి.మీ., లోతు 10 మి.మీ. తీసుకోండి. ఈ కొలతలకి సూత్రం ప్రకారం పాయిసాన్ నిష్పత్తి సరిగ్గా మైనస్ 1, అదీ రెండు దిక్కుల్లోనూ. అందుకే మొదటి నమూనాకి ఇదే మేలు: జాలీని తిప్పి లాగినా అదే జవాబు రావాలి, రాకపోతే తప్పు ప్రింటులోనో కొలతలోనో ఉందని తెలిసిపోతుంది. గడి వెడల్పు 17.3 మి.మీ., వరస ఎత్తు 15 మి.మీ. కాబట్టి ఏడు నిలువు వరసలు, ఎనిమిది అడ్డ వరసలు పెడితే 12 సెంటీమీటర్ల చదరం వస్తుంది. మామూలు ప్రింటర్ బెడ్ మీద సుఖంగా పడుతుంది.

దీని బిగువు గోడ మందాన్ని పొడవుతో భాగించిన దాని ఘనంతో పెరుగుతుంది. పై కొలతలకి జాలీ యంగ్ మాడ్యులస్ (లాగుడుకి చూపే బిగువు), అసలు ప్లాస్టిక్ మాడ్యులస్‌లో 0.0012 వంతు. ఘనం అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మీరు 0.8 గీసి, ప్రింటర్ 0.9 పోస్తే బిగువు 42 శాతం పెరుగుతుంది. లెక్కకీ కొలతకీ పొంతన కుదరకపోవడానికి పెద్ద కారణం ఇదే, సాఫ్ట్‌వేర్ కాదు. 0.4 నాజిల్ ఉంటే గోడ 0.8 పెట్టండి, రెండు గీతలు సరిపోతాయి. 1.0 పెడితే స్లైసర్ (ప్రింటు గీతలు నిర్ణయించే సాఫ్ట్‌వేర్) మధ్యలో సందు వదిలేయవచ్చు, లేదా పీచులాంటి మూడో గీత పోయవచ్చు. ప్రింటయ్యాక వెర్నియర్‌తో పది చోట్ల గోడ మందం కొలిచి, ఆ సగటునే సూత్రంలో వేయండి. గీసిన అంకె వేయొద్దు.

కోణం పెంచితే ఇంకా గొప్పగా ఉంటుందనుకుని 45 డిగ్రీలకి వెళ్ళేవాళ్ళు ఒకటి గమనించాలి. నిలువు గోడ పొడవు, వాలు గోడ పొడవుని వాలు కోణం సైన్‌తో గుణించిన దాని రెండింతల కన్నా ఎక్కువ ఉండాలి. లేకపోతే ఎదురెదురు మొనలు గుద్దుకుంటాయి. 15, 10, 45 డిగ్రీలు పెడితే రెండింతలు 14.1. కాగితం మీద 0.9 మి.మీ. సందుంటుంది, గోడ మందం కలిసేసరికి అదీ ఉండదు.

రెండోది తిరిగే చతురస్రాలు. మూలల్లో అతుక్కున్న పలకలు లాగగానే ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగి సందులు తెరుచుకుంటాయి. గ్రిమా, ఎవాన్స్ 2000లో దీని లెక్క చూపించారు. ఆదర్శంగా అయితే మైనస్ 1. ప్రింటర్ అక్కర్లేకపోవడమే దీని అందం. 3 మి.మీ. ఈవీఏ షీటు (రబ్బరులా మెత్తటి నురగ షీటు) మీద 20 మి.మీ. దూరంలో చుక్కలు పెట్టండి, ముగ్గుకి పెట్టినట్టే. ప్రతి చుక్క మధ్యగా 36 మి.మీ. గాటు, ఒక చుక్కకి అడ్డంగా, పక్క చుక్కకి నిలువుగా. గాటు కొనకీ ఎదురు గాటుకీ మధ్య 2 మి.మీ. ముక్క మిగులుతుంది, అదే కీలు. గాటు కొనల్లో 1.5 మి.మీ. పంచ్ రంధ్రం వేయకపోతే మూడు నాలుగు సార్లు లాగేసరికి అక్కడే చిరుగుతుంది. రంధ్రం అంచు దాకా కలిపి 36 ఉండాలి, లేదంటే కీలు సన్నబడిపోతుంది. షీటు మందం కీలు వెడల్పు కన్నా తక్కువైతే పలకలు తిరగడం మానేసి పైకి లేస్తాయి. పలుచటి ఓహెచ్‌పీ షీటు మీద చేస్తే జరిగేది అదే. లెక్క ప్రకారం 41 శాతం దాకా సాగాలి, నిజానికి ఈవీఏ అంత దూరం రాదు.

మూడోది కైరల్ జాలీ. రింగుని తాకుతూ ఆరు పుల్లలు, ప్రతి పుల్లా ఇంకో రింగు చుట్టూ అంటీ అంటనట్టు. లాగితే రింగులు తిరిగి పుల్లల్ని విప్పుతాయి. ప్రాల్, లేక్స్ 1997లో కొలిచి చూపింది ఇదే, మైనస్ 1. డమరుకంలో కోణం మారేకొద్దీ నిష్పత్తి మారిపోతుంది, ఇందులో ఎక్కువ సాగుదల దాకా నిలకడగా ఉంటుంది. కానీ పుల్ల రింగుని తాకే చోట గుండ్రం పోయకపోతే అక్కడే విరుగుతుంది. అంచు రింగుల్ని గ్రిప్పులో బిగిస్తే అవి తిరగలేవు. గైడు కైరల్ మీదే పట్టుబడితే తప్ప మొదటి ప్రాజెక్టుకి ఒగ్గేయండి.

నాలుగోది ఫోమ్. రోడరిక్ లేక్స్ 1987లో పాలీయూరితేన్ ఫోమ్‌ని మూడు వైపులా నొక్కి, వేడి చేసి, చల్లార్చి మైనస్ 0.7 తెచ్చిన పద్ధతి. ఖర్చు చాలా తక్కువ. పరుపులు కుట్టే షాపులో ముక్క దొరుకుతుంది. అయితే అది తెరిచిన గళ్ళ ఫోమ్ అవ్వాలి. నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి రావాలి. టీవీ ప్యాకింగులో వచ్చే తెల్ల ఈపీఈ షీటూ, ముక్కలు అతికించిన రీబాండెడ్ పరుపూ పనికిరావు. 36 మి.మీ. చదరం, 120 మి.మీ. పొడవు ముక్కని లోపల 25 మి.మీ. ఉన్న చదరపు అల్యూమినియం ట్యూబులోకి ఎక్కించి, పొడవుని 84కి నొక్కండి. ఘనపరిమాణం దాదాపు మూడో వంతుకి వస్తుంది. వేలితో కుక్కితే లోపల మడతలు పడతాయి. రెండో వైపు నుంచి తీగ కట్టి లాగండి, ట్యూబుకి పలచగా నూనె రాసి. వేడి 160 నుంచి 170 డిగ్రీల చుట్టూ. సమయం మాత్రం మీ ఫోమే చెప్పాలి: పది నిమిషాలతో మొదలుపెట్టి రెండేసి నిమిషాలు పెంచుతూ నాలుగైదు ముక్కలు చేయండి. ట్యూబులోనే చల్లారాలి. బయటికి తీశాక మళ్ళీ పాత సైజుకి వచ్చేస్తే వేడి చాలలేదు, ఇటుకలా గట్టిపడితే ఎక్కువైంది. మూడు దిక్కులా మెల్లగా లాగి అంటుకున్న పోగుల్ని విడదీయాలి. ఇంట్లో వంట ఓవెన్‌లో మాత్రం చేయకండి. మాడితే వచ్చే పొగ విషం. ల్యాబులో ఎగ్జాస్ట్ కింద చేయాల్సిన పని.

వీటిలో ఏది? లెక్కకీ కొలతకీ పోలిక చూపించాలంటే డమరుకం. ప్రింటర్ లేకపోతే ఈవీఏ చతురస్రాలు. జూట్ మిల్లులో బస్తాలు మోసేవాళ్ళ భుజం ప్యాడ్ లాంటి వాడకం చూపించాలంటే ఫోమ్. ఎందుకంటే ఆక్సెటిక్ ముక్కని వంచితే మామూలు ఫోమ్‌లా గుర్రపు జీను ఆకారంలో కాక, బోర్లించిన మూకుడులా రెండు వైపులా ఒకే దిక్కుకి వంగి భుజానికి హత్తుకుంటుంది. ఈ ఒక్కటీ చూపడానికి పరికరమే అక్కర్లేదు: పక్కపక్కన రెండు ముక్కలు, రెండు చేతులు చాలు. వైవాలో మొదట ఇదే చూపించండి.

షియర్ దగ్గర పడే గుంట

టెక్స్ట్‌బుక్‌లో యంగ్ మాడ్యులస్‌ని, (ఒకటి ప్లస్ పాయిసాన్)కి రెండింతలతో భాగిస్తే షియర్ మాడ్యులస్ (పక్కకి తోస్తే చూపే బిగువు) అని ఉంటుంది. పాయిసాన్ మైనస్ 1 అయితే కింద సున్నా, కాబట్టి షియర్ అనంతం అని రిపోర్టుల్లో రాసేస్తారు. ఆ సూత్రం అన్ని దిక్కులా ఒకేలా ఉండే పదార్థానికి మాత్రమే. పైన చెప్పిన డమరుకం జాలీకి అసలు లెక్క వేస్తే షియర్ మాడ్యులస్, యంగ్ మాడ్యులస్‌లో దాదాపు 27వ వంతు. అనంతం మాట అటుంచి, చేత్తో పక్కకి తోస్తే జారిపోయేంత మెత్తన. మీ ప్రాజెక్టు పేరులో ‘షియర్ బలం’ అని ఉంటే డమరుకం తీసుకోవద్దు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి ఈ విషయం తెలిస్తే మొదటి ప్రశ్న ఇక్కడే పడుతుంది.

పదార్థం, కొలత

ప్రింటర్లలో మామూలుగా వాడే ప్లాస్టిక్ పీఎల్‌ఏ గట్టిది, మాడ్యులస్ 3 గిగాపాస్కల్ చుట్టూ. పై జాలీని దాంతో చేస్తే ఒక శాతం సాగడానికి నాలుగు కిలోల పైన బరువు కావాలి. రెండు మూడు శాతం దాటితే గోడ మూలల్లో తెల్లబడి పటుక్కుమంటుంది. 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి మే నెలలో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే మీ నమూనా వేరే ఆకారంలో దొరుకుతుంది. టీపీయూ 95ఏ ఎంతైనా సాగుతుంది, మాడ్యులస్ బ్రాండుని బట్టి మారుతుంది, 30 మెగాపాస్కల్ అనుకుని మొదలుపెట్టవచ్చు. మా ఓటు టీపీయూకే. కానీ మన తీరం గాలిలో టీపీయూ, నైలాన్ రెండూ తేమ పీలుస్తాయి. నాజిల్ దగ్గర చిటపటలు, గోడల్లో బుడగలు కనిపిస్తే అదే. స్పూల్‌ని 50-55 డిగ్రీల్లో నాలుగు నుంచి ఆరు గంటలు ఆరబెట్టి, సిలికా జెల్‌తో డబ్బాలో మూసి పెట్టండి. వేగం సెకనుకి 20-30 మి.మీ. దాటొద్దు.

బరువు కొలతకి యూటీఎం ఒగ్గేసి, జాలీ పై అంచుని చెక్క పట్టీకి బిగించి వేలాడదీయండి. కింది అంచుకి తేలిక పట్టీ, దానికో పళ్ళెం. కిరాణా కొట్టు 50 గ్రాముల రాళ్ళు ఒక్కొక్కటీ వేసుకుంటూ పోవాలి. పళ్ళెం, పట్టీ బరువు కూడా లెక్కలోకి వస్తుంది, మర్చిపోవద్దు. టీపీయూ బరువు కింద నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది కాబట్టి రాయి వేసిన సరిగ్గా ఒక నిమిషానికే రీడింగ్ తీయండి, ప్రతిసారీ.

సాగుదల కొలవడానికి ఫోన్ చాలు. మధ్య గళ్ళ కూడళ్ళ మీద వైట్‌నర్ చుక్కలు, ఫోన్ ట్రైపాడ్ మీద 70 సెంటీమీటర్ల దూరంలో, కొద్దిగా జూమ్ చేసి, ముట్టుకోకుండా టైమర్‌తో. 150 మి.మీ.కి 3000 పిక్సెళ్ళు పడితే మి.మీ.కి 20 పిక్సెళ్ళు. చుక్కల మధ్య దూరం 60 మి.మీ., సాగుదల రెండు శాతం అనుకుంటే 24 పిక్సెళ్ళ కదలిక. చుక్క గుర్తింపులో ఒక పిక్సెల్ అటూ ఇటూ అయినా నాలుగు శాతం తప్పుతో బయటపడతారు. ఫొటోలో చుక్కల దూరం కొలిచే సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌జే ఉచితం. అంచు గళ్ళు మాత్రం ఎప్పుడూ కొలవకండి: పట్టీ వాటిని పక్కకి పెరగనివ్వదు, మైనస్ 1 రావాల్సిన చోట మైనస్ 0.4 లాంటివి వస్తాయి.

సిమ్యులేషన్ గురించి ఒక్క మాట. మొత్తం జాలీని మెష్ చేయాలని చూస్తే విద్యార్థి లైసెన్సులో నోడ్ల పరిమితి అడ్డొస్తుంది. ఒక్క గడిని పీరియాడిక్ హద్దులతో (అదే గడి చుట్టూ మళ్ళీ మళ్ళీ వస్తున్నట్టు) చేయండి, గోడ మందంలో కనీసం మూడు నాలుగు క్వాడ్రాటిక్ ఎలిమెంట్లు, రెండు శాతం దాటితే లార్జ్ డిఫర్మేషన్ ఆన్.

వేడి వైపు: ప్రింటర్ మూసేసి డ్రిల్లు పట్టుకోండి

బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించేటప్పుడు ఎర్రగా కాల్చి, వ్యాకోచించగానే తొడిగి నీళ్ళు పోస్తారు. వేడికి పెరగడమే లోహాల లక్షణం. మీటరు పొడవు, ఒక డిగ్రీ వేడికి అల్యూమినియం 23 మైక్రాన్లు, ఇత్తడి 19, ఉక్కు 12, ఇన్వార్ (ఇనుము-నికెల్ మిశ్రమం) 1.2 పెరుగుతాయి. ఇన్వార్‌ని గీయోమ్ 1896లో కనిపెట్టారు, 1920 నోబెల్ వచ్చింది దానికే. ఇన్వార్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే సరుకు కాదు. వేడికి తనంతట తానే కుదించుకునే జిర్కోనియం టంగ్‌స్టేట్ లాంటి పింగాణీలూ ఉన్నాయి, సుమారు మైనస్ 9. అవి కూడా మనకి అందవు.

అందేది త్రిభుజం. రెండు పక్కలూ, అంటే కాళ్ళు, ఉక్కు; అడుగు అల్యూమినియం, మూడు మూలల్లోనూ పిన్నులు. వేడెక్కితే అడుగు ఎక్కువ పెరిగి కాళ్ళని పక్కలకి లాగేస్తుంది. కాళ్ళూ పెరుగుతాయి కానీ అంత కాదు. దాంతో శిఖరం కిందికి దిగుతుంది. ఎత్తు వ్యాకోచం లెక్క ఇలా: అడుగు లోహం అంకెని అడుగు కోణం కొసైన్ వర్గంతో గుణించి, పక్క లోహం అంకెలోంచి తీసేసి, సైన్ వర్గంతో భాగించాలి. ఉక్కు, అల్యూమినియంలకి 43.8 డిగ్రీల దగ్గర సున్నా వస్తుంది. కోణం 30 చేస్తే మైనస్ 21. అడుగు ఇత్తడిదైతే సున్నా 37.4 డిగ్రీల దగ్గర, 30కి మైనస్ 9 మాత్రమే. కాబట్టి అల్యూమినియమే. శ్రీకాకుళం జిల్లా బుడితిలో పాత్రలు చేసే ఇత్తడితో చేస్తే స్థానికంగా బాగుంటుందని అనిపిస్తుంది, నిజమే. కానీ పాత్ర ఇత్తడిలో రాగి, జింకు పాళ్ళు ఇంత అని ముందే చెప్పలేం, అంకె అటూ ఇటూ అవుతుంది. వాడితే ఆ ముక్క వ్యాకోచం ముందు విడిగా కొలవండి.

కొలతలు: కాళ్ళు 200 మి.మీ., అడుగు 346.4 మి.మీ., రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకి. ఎత్తు 100. పట్టీలు 20×3 మి.మీ. కాళ్ళు రెండింటినీ కలిపి బిగించి ఒకేసారి డ్రిల్ చేస్తే సమానంగా వస్తాయి. 5.8 డ్రిల్లు వేసి 6 మి.మీ. రీమర్‌తో సాపు చేసి, 6 మి.మీ. డోవెల్ పిన్ను దిగ్గొట్టండి. ఊళ్ళో రీమర్ లేకపోతే గాజువాక ఆటోనగర్ దాకా వెళ్ళిరావడం దండగ కాదు. 50 డిగ్రీల తేడాకి శిఖరం దిగేది 0.105 మి.మీ., డయల్ గేజీ మీద పది గీతలు. పిన్ను రంధ్రంలో 0.05 లూజు ఉంటే సగం కదలిక అక్కడే మాయం. శిఖరం నుంచి ఒక కిలో బరువు వేలాడదీస్తే లూజు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది. కోణం ఒక్క డిగ్రీ తప్పి 31 అయినా మైనస్ 21 కాస్తా మైనస్ 18.5 అవుతుంది. మూలలు వెల్డింగ్ చేయొద్దు. పట్టీలు వంగాల్సి వచ్చి కుదింపు తగ్గిపోతుంది.

ఇదే పనిని ప్రింటర్‌తో రెండు ప్లాస్టిక్కులు కలిపి చేద్దామనుకుంటే మూడు ఇబ్బందులు: పీఎల్‌ఏ 50 దాటాక నమ్మకం లేదు, రెండింటి అతుకు ఊడుతుంది, టీపీయూ అడుగు ఎంత పెరిగినా పక్కల్ని తోసే బిగువు దానికి లేదు. చేసి చూపినవాళ్ళు లేకపోలేదు, కానీ వాళ్ళ ప్రింటర్లు వేరు.

రెండో దారి బైమెటల్ (రెండు లోహాలు అతికించిన పట్టీ) రిబ్బు. లేక్స్ 1996లో చెప్పిన ఊహ: జాలీ పుల్లలన్నీ వంపు తిరిగిన బైమెటల్ పట్టీలైతే వ్యాకోచం ఎంతైనా తేవచ్చు. పాడైన ఇస్త్రీ పెట్టె థర్మోస్టాట్‌లో ఈ పట్టీ దొరుకుతుంది. మి.మీ. మందం, 50 మి.మీ. పొడవు ఉన్న ఇత్తడి-ఇన్వార్ పట్టీ ఒక కొన బిగిస్తే, 50 డిగ్రీలకి రెండో కొన 1.7 మి.మీ. వంగుతుంది. త్రిభుజం 0.1 మి.మీ. ఎక్కడ, ఇదెక్కడ! కంటికే కనిపిస్తుంది. కానీ వేలితో నొక్కితే వంగిపోయేంత మెత్తన, బరువు మోయదు. కెమెరా మౌంటు, లేజరు స్టాండు లాంటిది చేస్తామంటే త్రిభుజం. వేడికి తెరుచుకునే గాలి కిటికీ లాంటిదైతే బైమెటల్.

పెంటామోడ్ (ద్రవంలా నొక్కుడుకే ఎదురు నిలిచి, పక్కకి తోస్తే జారిపోయే జాలీ) జోలికి పోవద్దు. 1995లో మిల్టన్, చెర్కాయెవ్ ఊహిస్తే, 2012 దాకా ఎవరూ చేయలేకపోయారు. పుల్లల కొనలు సూదిమొనలా కలవాలి, మన నాజిల్‌కి సాధ్యం కాదు. టప్పుమని రెండు స్థితుల మధ్య ఎగిరే వంపు దూలాలు తేలికే. వంపు ఎత్తు మందానికి 2.31 రెట్లు దాటాలి, నడుమ మెలి తిరగకుండా జంట దూలం పెట్టాలి. పీఎల్‌ఏతో చేసి రెండో స్థితిలో వారం వదిలేస్తే తిరిగి ఎగరదు, అంతే.

త్రిభుజం కొలిచేటప్పుడు గాలిలో హీటర్ పెట్టొద్దు, ఉక్కు ఒకలా, అల్యూమినియం ఒకలా వేడెక్కుతాయి. నీళ్ళ తొట్టే సరి. డయల్ స్టాండు తొట్టికి తగలకూడదు: 100 మి.మీ. ఉక్కు స్తంభం 50 డిగ్రీలు వేడెక్కితే అదే 0.06 పెరిగి మీ జవాబులో సగానికి పైగా మింగేస్తుంది. అడుగు పట్టీ తొట్టి అడుగున ఆనితే, పిన్ను కింద ఉన్న 10 మి.మీ. అల్యూమినియం 0.0115 పైకి పెరుగుతుంది. అది గేజీ మీద ఒక గీత, లెక్కలో కలపాలి. త్రిభుజం పెట్టే ముందు అదే చోట 100 మి.మీ. ఉక్కు దిమ్మ పెట్టి అదే ప్రయోగం చేయండి. 0.06 పైకి రావాలి. రాకపోతే ఆ తేడా తొట్టి అడుగుదీ స్టాండుదీ, తర్వాతి రీడింగుల్లోంచి తీసేయాలి. నీళ్ళని 80కి కాచి, హీటర్ ఆపేసి, కలుపుతూ చల్లారుతుంటే ఐదేసి డిగ్రీలకి రీడింగ్ తీయడం మేలు, నీళ్ళు అప్పుడు నిలకడగా ఉంటాయి. మన ఎండాకాలంలో 35 దిగడానికి చాలాసేపు పడుతుంది, 40 దగ్గరే ఆపేసినా నష్టం లేదు. తర్వాత మళ్ళీ కాస్తూ ఇంకోసారి. ఎక్కేటప్పటి గీత, దిగేటప్పటి గీత ఒకదాని మీద ఒకటి పడకపోతే ఆ సందు పిన్నుల రాపిడి. ఒక చుక్క మిషన్ నూనె వేసి మళ్ళీ మొదలుపెట్టండి.